వరి దుబ్బులో పంచదార లెక్క
ముంపుకూ, ఎండాకు తెగులుకూ విరుగుడు విత్తనంలోనే

ఏలూరు : సార్వా ఊడ్పులు ముగిసి చేలు పచ్చబడే రోజుల్లో కొల్లేరు చుట్టుపక్కల రైతును రెండు భయాలు వెంటాడుతుంటాయి. ఒకటి నీరు, రెండోది తెగులు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే కొల్లేరు నిండుతుంది. ఆ నీటిని సముద్రానికి చేర్చవలసింది ఒక్క ఉప్పుటేరే. అది లాగలేకపోతే కైకలూరు, నిడమర్రు, భీమడోలు, ఆకివీడు ప్రాంతాల పల్లపు చేలు రోజుల తరబడి నానుతాయి. నీరు తీసింది కదా అని రైతు కాస్త కుదుటపడేలోగా ఆకుల కొసలు పసుపు తిరిగి ఎండుగడ్డిలా మారడం మొదలవుతుంది.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద ఆ తర్వాత దిగివచ్చింది కొల్లేరులోకే. దారులు మునిగాయి, చేలు మునిగాయి. సొంత భూమి ఉన్న రైతుకు పోయింది ఒక పంట. కౌలు రైతుకు పంటతోపాటు కౌలు బస్తాల బాకీ కూడా మిగులుతుంది. చేను పండినా, పండకపోయినా మక్తా చెల్లించక తప్పదు కదా.

ముంపుకూ, తెగులుకూ పైకి ఏ సంబంధమూ కనిపించదు. ఒకటి కాలువల వ్యవహారం, మరొకటి మందుల దుకాణం వ్యవహారం అనిపిస్తుంది. కాని గత పాతికేళ్లలో శాస్త్రజ్ఞులు వరి దుబ్బు లోపలి సంగతులు తెలుసుకున్నకొద్దీ రెండింటిలోనూ ఒకే సరుకు బయటపడింది. అది పంచదార. మునిగిన మొక్క తనలోని పంచదారను తొందరపడి ఖర్చు చేసుకుని చనిపోతుంది. తెగులు పట్టిన మొక్క పంచదారను దొంగకు వదులుకుని ఎండిపోతుంది. ఆకు ఎంత పంచదార చేసిందన్నది ఒక లెక్క. దాన్ని ఎప్పుడు దాచింది, ఎవరికి తలుపు తీసింది అన్నది అంతకంటె ముఖ్యమైన లెక్క. పంట నిలిచేదీ పోయేదీ ఈ రెండో లెక్క మీదనే.

ఆకు వంటిల్లు, గింజ గాదె

వరి మొక్కకు వంట జరిగేది ఆకులో. ఎండ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, వేళ్లు తెచ్చిన నీరు, ఈ మూడింటితో ఆకు పంచదార తయారుచేస్తుంది. ఇది మనం ఎరగని వస్తువేమీ కాదు. చెరుకు గడలో ఉండేది ఇదే. 1947లో తణుకులో నెలకొల్పిన ఆంధ్రా షుగర్స్ వంటి మిల్లులు చెరుకు రసం నుంచి తీసిందీ ఇదే. చెరుకు దాన్ని గడలోనే నిలవ చేసుకుంటుంది. వరి దాన్ని గింజకు పంపి పిండిగా మార్చి దాస్తుంది. తాడేపల్లిగూడెం మిల్లుల్లో ఆడే ప్రతి బియ్యపు గింజా ఒకప్పుడు ఆకులో పుట్టిన పంచదారే.

ఆకు నుంచి గింజ దాకా మొక్కలో రెండు రకాల సన్నని గొట్టాలు ఉంటాయి. ఒక రకం గొట్టాలు వేళ్ల నుంచి నీటిని పైకి తెస్తాయి. రెండో రకం గొట్టాలు ఆకు వండిన ఆహారాన్ని వేళ్లకూ, పిలకలకూ, వెన్నుకూ చేరుస్తాయి. మన కాలువలకూ, మురుగు డ్రెయిన్లకూ తేడా ఉన్నట్టే ఈ రెండింటికీ పని వేరు, దారి వేరు. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. తెగులు కథ వచ్చేసరికి దీని అవసరం పడుతుంది.

మొక్క శరీరమంతా కంటికి కనిపించనంత చిన్న కణాలతో కట్టిన ఇల్లు. ప్రతి కణానికీ చుట్టూ పల్చని పొర ఉంటుంది. పంచదార ఆ పొరను దానంతటది దాటలేదు. పొరలో అమరి ఉన్న ప్రత్యేకమైన తలుపుల గుండానే అది పోవాలి. కొన్ని తలుపులు బలం ఉపయోగించి పంచదారను లోపలికి లాగుతాయి. మరికొన్ని, ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు జారనిస్తాయి. ఈ రెండో రకం తలుపులను 2010లో అమెరికాలోని కార్నెగీ సంస్థలో వుల్ఫ్ ఫ్రోమర్ బృందం కనుగొన్నది. వాటికి ‘స్వీట్’ అని పేరు పెట్టారు. అంటే తీపి. వరిలో ఇలాంటివి 20కి పైగా ఉన్నాయి. ఆకులో కొన్ని, పుప్పొడిలో కొన్ని, పాలు పోసుకునే గింజలో కొన్ని పనిచేస్తాయి.

ఒక్కొక్క తలుపును తయారుచేసే విధానం విత్తనంలో రాసిపెట్టి ఉంటుంది. ఆ రాతనే జన్యువు అంటున్నారు. ప్రతి జన్యువుకూ ముందు భాగంలో తాళం వంటి ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ తాళం తెరుచుకుంటేనే తలుపు తయారవుతుంది. తెరుచుకోకపోతే రాత ఉండి కూడా పని జరగదు.

మొక్కకు ఆకలి తెలుస్తుందా?

తాళం ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది మొక్కకు ఎలా తెలుస్తుంది? పొదుపరి ఇల్లాలు బియ్యం డబ్బా మూత తీసి చూసినట్టే మొక్క కూడా తన పంచదార నిలవను ఎప్పటికప్పుడు చూసుకుంటుంది. ఇది వట్టి పోలిక కాదు. కణంలో పంచదారను విడగొట్టి వాడుకునే ఒక పనివాడే దాని మోతాదును కనిపెట్టి కబురు కూడా అందిస్తాడని 2003లో అమెరికాలో జెన్ షీన్ బృందం రుజువు చేసింది. నిలవ తగ్గిందంటే ఆకలి గంట మోగించేందుకు వేరొక ఏర్పాటు ఉంది. ఆ గంట మోగితే ఎదుగుదల పనులు ఆగుతాయి, దాచిన పిండిని కరిగించే పనులు మొదలవుతాయి. నిలవ నిండుగా ఉందంటే ఆ సంగతి తెలిపేందుకు మరొక గుర్తు ఉంది.

ఆవ జాతికి చెందిన ఒక చిన్న మొక్క మీద ఇంగ్లండులో జరిగిన పరిశోధన మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. పొద్దుగూకే వేళకు ఆకులో ఉన్న పిండిని ఆ మొక్క తెల్లవారేవరకు సరిపోయేట్టు భాగించుకుని వాడుతుందట. రాత్రి తెల్లవారేసరికి డబ్బా దాదాపు అడుగంటుతుంది. అంతకుముందు అయిపోదు, అనవసరంగా మిగిలిపోదు. కూలి డబ్బుతో వారం గడిపే సంసారాలకు ఈ లెక్క కొత్తదేమీ కాదు.

మొలకెత్తే వడ్ల గింజలో జరిగేదీ ఇదే. మొలకలో పంచదార తగ్గగానే ఆకలి గంట మోగుతుంది. వెంటనే గింజలోని పిండిని కరిగించే జన్యువుల తాళాలు తెరుచుకుంటాయి. పిండి పంచదారగా మారి మొలకకు అందుతుంది. మండెకట్టిన వడ్లను నోట వేసుకుంటే కాస్త తియ్యగా ఉండటానికి కారణం ఇదే.

మునిగిన మొక్క ఎందుకు చస్తుంది?

చేను మునిగితే మొక్క కుళ్లి చచ్చిందని అంటుంటాం. కుళ్లడం చివర జరిగే పని. అంతకుముందు జరిగేది ఆకలి చావు. నీటిలో గాలి కదలడం బయటకంటె సుమారు 10 వేల రెట్లు నెమ్మది. పైగా వరద నీరు మడ్డిగా ఉంటే ఎండ లోపలికి దిగదు. ఎండా, గాలీ లేక ఆకులో వంట ఆగిపోతుంది. ఇక మొక్క బతకవలసింది కాండంలోనూ, ఆకు తొడిమల్లోనూ దాచుకున్న నిలవ మీదనే. ప్రాణవాయువు చాలక ఆ నిలవను కూడా పులియబెట్టి వాడుకోవలసి వస్తుంది. అలా వాడితే మామూలుగా వచ్చే శక్తిలో పదో వంతు కూడా రాదు.

ఇలాంటి సమయంలో మామూలు వరి ఒక పొరపాటు చేస్తుంది. నీటి పైకి తల ఎత్తాలని ఆకులను, కాండాన్ని గబగబా సాగదీస్తుంది. రెండు మూడు రోజుల ముంపైతే ఆ తెగింపు ఫలిస్తుంది. వారం, పది రోజుల ముంపైతే ఉన్న పంచదారంతా సాగడానికే ఖర్చవుతుంది. నీరు తీసేసరికి మొక్క పొడుగ్గా, పల్చగా, పాలిపోయి ఉంటుంది. నిలబడే శక్తి లేక బురదలో పడిపోతుంది. నీరు తీసిన తర్వాత చేను చచ్చిందని రైతులు వాపోవడం ఇందుకే.

ఒడిశా పల్లపు చేలలోని ఒక నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్.13ఎ అనే రకం మాత్రం ఇందుకు భిన్నంగా నడుచుకుంటుంది. మునగగానే ఎదుగుదల ఆపేసి, కదలకుండా, పంచదారను పొదుపుగా వాడుకుంటూ కూర్చుంటుంది. సుమారు రెండు వారాల తర్వాత నీరు తీసినా మిగిలిన నిలవతో మళ్లీ చిగురు వేస్తుంది. ఈ గుణాన్ని ఇచ్చే జన్యువును 2006లో గుర్తించారు. దాని పేరు సబ్-1ఎ. పిండిని కరిగించే పనినీ, కాండం సాగే పనినీ అది అదుపులో ఉంచుతుంది. ఇంటి పెద్ద గాదె తాళం చేతిలో పట్టుకున్నట్టన్న మాట.

మార్టేరు స్వర్ణకు కొత్త గుణం

ఇక్కడ పశ్చిమ గోదావరి రైతులు గర్వించదగిన సంగతి ఒకటి ఉంది. 1925లో ఏర్పడిన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి తీసిన ఎం.టి.యు. 7029ను 1982లో విడుదల చేశారు. అదే స్వర్ణ. గోదావరి జిల్లాల నుంచి ఒడిశా, బెంగాల్, బీహార్ రాష్ట్రాలకూ, బంగ్లాదేశ్‌కూ అది పాకింది. తక్కువ ఎరువుతో మంచి దిగుబడి ఇవ్వడం దాని పేరు నిలబెట్టింది. కాని పూర్తిగా మునిగితే అదీ తట్టుకోలేదు.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఎఫ్.ఆర్.13ఎ లోని పొదుపు గుణాన్ని మన స్వర్ణలోకి సంకరం ద్వారా తెచ్చారు. సంకరం చేసి, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపి, ప్రతి తరంలోనూ ఆకు ముక్కను పరీక్షించి సబ్-1 ఉన్న మొక్కలనే ఉంచుకున్నారు. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. గింజ స్వర్ణదే, దిగుబడి స్వర్ణదే. ముంపు వచ్చినప్పుడు మాత్రమే తేడా తెలుస్తుంది.

అయితే దీన్ని సర్వరోగ నివారిణిగా భావించరాదు. ఈ గుణం పనికివచ్చేది పిలకలు తొడిగే లేత దశలో, మొక్క పూర్తిగా మునిగి రెండు వారాల లోపు నీరు తీసినప్పుడు. నెలల తరబడి మోకాటి లోతు నీరు నిలిచే చేలకు ఇది విరుగుడు కాదు. పొట్ట దశలోనో, కోతల ముందు పడిపోయినప్పుడో వచ్చే వరదకూ కాదు. డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుపోతే ఏ జన్యువూ నీటిని లాగలేదు. విత్తనం చేసే పని విత్తనం చేస్తుంది, డ్రెయిను చేయవలసిన పని డ్రెయినే చేయాలి.

ఊడ్పులకు కూలీలు దొరక్క నేరుగా వడ్లు వెదజల్లే పద్ధతి డెల్టాలో ప్రవేశించింది. వెదజల్లిన మర్నాడే వాన పడి మడి నిండితే మామూలు గింజ నీటి అడుగున సరిగా మొలవదు. మయన్మార్ దేశపు ఒక నాటు వరిలో ఇందుకు తోడ్పడే జన్యువు ఉన్నట్టు 2015లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. నిలవ నిండుగా ఉందని తెలిపే గుర్తును అది తగ్గిస్తుంది. దాంతో మొలక తాను ఆకలిగా ఉన్నట్టే భావించి గింజలోని పిండిని కరిగించుకుంటూ నీటి పైకి వస్తుంది. నాటిన మొక్క మునిగితే పొదుపు చేయాలి, మొలకెత్తే గింజ మునిగితే ఖర్చు చేయాలి. ఏ వయసులో ఏది మేలో ఆ వయసుకు తగిన లెక్క వేరు.

ఇంటి తలుపు తీయించే దొంగ

ఇక రెండో శత్రువు బాక్టీరియా ఎండాకు తెగులు. ఈ తెగులును మొదట గుర్తించినది 1884లో జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతపు రైతులు. మన దేశంలో 1963లో బీహార్‌లో అది ఉధృతంగా వచ్చిన తర్వాత అందరి దృష్టీ దాని మీద పడింది. తీవ్రంగా వస్తే సగం పంట దాకా పోయే ప్రమాదముంది.

ఆకు కొస నుంచి అంచుల వెంబడి అలల మాదిరి పసుపు చార దిగుతుంది. తర్వాత అది గడ్డి రంగుకు మారి ఎండుతుంది. తెల్లవారు జామున చూస్తే ఆకు అంచున పాలవంటి, లేక పసుపు పచ్చని చిన్న బొట్లు కనిపిస్తాయి. అవి మంచు బొట్లు కావు. లక్షలాది సూక్ష్మజీవుల ముద్దలు. వానా, గాలీ ఆకులను రాపిడి చేసినప్పుడు, నీరు చేను నుంచి చేనుకు పారినప్పుడు ఈ జీవులు వ్యాపిస్తాయి. ముంపు తర్వాత తెగులు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఈ సూక్ష్మజీవి ఆకు అంచున ఉండే సహజమైన రంధ్రాల గుండానో, గాయాల గుండానో దూరి నీటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. పైన చెప్పుకున్న తేడా ఇక్కడే అవసరమవుతుంది. ఆ గొట్టాల్లో ఉండేది నీరు. పంచదార దాదాపు ఉండదు. మరి అది అక్కడ కోట్లుగా ఎలా పెరుగుతోంది? ఈ ప్రశ్న చాలాకాలం శాస్త్రజ్ఞులకు అంతుబట్టలేదు.

2006లో ఒకటి తర్వాత ఒకటిగా వచ్చిన పరిశోధనలతోనూ, 2010లో స్వీట్ తలుపుల సంగతి బయటపడడంతోనూ గుట్టు తెలిసిపోయింది. ఈ జీవి సూది వంటి సాధనంతో పక్కనున్న కణాల్లోకి ఒక పదార్థాన్ని ఎక్కిస్తుంది. ఆ పదార్థం దొంగ తాళం చెవి. స్వీట్-11 అనే తలుపు జన్యువు తాళంలో అది సరిగ్గా అమరుతుంది. మొక్క స్వయంగా తలుపులు తయారుచేసి పెడుతుంది. కణంలోని పంచదార బయటికి కారుతుంది, దొంగ ఆరగిస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ వచ్చినది బయటి దొంగే అయినా తలుపు తీస్తున్నది ఇంటివారు.

తలుపు తీసేస్తే సరిపోతుందా?

అలాగైతే ఆ స్వీట్-11 తలుపునే లేకుండా చేస్తే సరి కదా అనిపించవచ్చు. చేసి చూశారు. మొక్కకు తెగులు తగ్గింది, కాని పుప్పొడి చెడి తాలు వచ్చింది. ఎందుకంటే ఆ తలుపు దొంగ కోసం పెట్టినది కాదు. పుప్పొడికి పంచదార అందేది దాని గుండానే. పాలు పోసుకునే గింజకు ఆహారం అందించడంలోనూ దానికి భాగముంది. దానితోపాటు స్వీట్-15 అనే తోటి తలుపును కూడా తీసేస్తే గింజలో పిండి నిండలేదని 2018లో తేలింది. దొంగ భయంతో ద్వారం గోడ కట్టి మూసేస్తే ఇంటివారే పస్తుండాలి.

ఈ చిక్కుకు పరిష్కారం కొన్ని పాత వరి రకాల్లోనే దొరికింది. వాటిలో తలుపు మామూలుగానే ఉంది. దాని ముందున్న తాళంలో మాత్రం కొద్దిపాటి మార్పు ఉంది. పుప్పొడిలో, గింజలో మొక్క తెరవాలనుకున్నప్పుడు ఆ తాళం తెరుచుకుంటుంది. దొంగ చెవి మాత్రం అందులో అమరదు. ఈ మార్పునే శాస్త్రజ్ఞులు ఎక్స్ఎ-13 అంటున్నారు.

దీన్ని తెలుగు రైతుకు చేర్చిన ఘనత హైదరాబాదుకు దక్కింది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి, అన్నానికి ఎంత పేరుపొందిందో ఎండాకు తెగులుకు అంత సులువుగా లొంగిపోతుంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.), రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలసి సాంబ మసూరిలోకి మూడు రక్షణలను తెచ్చాయి. ఎక్స్ఎ-13 ఒకటి. ఎక్స్ఎ-5 రెండోది. దొంగ రాకను పసిగట్టి మొక్కను హెచ్చరించే ఎక్స్ఎ-21 మూడోది. ఈ మూడోది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఇలా తయారైన మెరుగుపరచిన సాంబ మసూరి (ఆర్.పి. బయో-226) 2008లో విడుదలైంది.

ఎక్స్ఎ-13 ఏ మొక్కలో ఉన్నదీ పైకి చూసి చెప్పడం కష్టం. అందువల్ల తరతరానా ఆకు ముక్కలను పరీక్షించి మొక్కలను ఎంచవలసి వచ్చింది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. వరికీ వరికీ చేసిన సంకరమే. గింజ సన్నం, అన్నం రుచి సాంబ మసూరివే.

ఒక్క రక్షణ చాలదా, మూడెందుకు అనే సందేహం రావచ్చు. దొంగలు కూడా ఊరుకోరు. స్వీట్-11 కుదరకపోతే స్వీట్-13, స్వీట్-14 తాళాలకు చెవులు తయారుచేసుకున్న సూక్ష్మజీవి తెగలు ఉన్నాయి. 2019లో విదేశాల శాస్త్రజ్ఞులు ఈ మూడు తాళాలనూ ఒకేసారి మార్చిన వరి మొక్కలను ప్రయోగశాలలో రూపొందించారు. తాళానికీ, దొంగ చెవికీ మధ్య ఈ పోటీ ముగిసేది కాదు. అందుకే విత్తన పరిశోధన ఏనాడూ ఆగరాదు.

యూరియా కట్ట చేసే కీడు

ఈ లెక్కలో రైతు చేతిలో ఉన్నది విత్తనం ఒక్కటే కాదు. యూరియా కట్ట కూడా ఉంది. నత్రజని అందగానే మొక్క దాన్ని మాంసకృత్తులుగా మార్చుకోవాలి. అందుకు పంచదార కావాలి. నత్రజని అతిగా వేస్తే కాండంలో దాచవలసిన పంచదార ఆకుల పెంపుకు ఖర్చవుతుంది. చేను నల్లగా నిగనిగలాడుతుంది. చూసేవారికి ముచ్చట వేస్తుంది. లోపల మాత్రం గాదె ఖాళీ అవుతుంది.

అలాంటి చేను మునిగితే త్వరగా చస్తుంది. అలాంటి చేనుకు ఎండాకు తెగులు త్వరగా సోకుతుంది. ఒత్తుగా, మెత్తగా పెరిగిన ఆకుల్లో తడి ఆరదు, ఆకు ఆకును రాసుకుంటుంది. ఆకులు ఎండుతున్నాయి కదా, ఇంకొంచెం యూరియా వేస్తే పచ్చబడతాయని కొందరు వేస్తుంటారు. అది దొంగకు భోజనం వడ్డించడమే.

రైతులు పాటించవలసినవి

ఆకులు ఎండుతుంటే మొదట అది ఏ తెగులో తెలుసుకోవాలి. బాగున్న భాగమూ, ఎండిన భాగమూ కలిసే చోట ఆకును ముక్కగా కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో వేయాలి. కొద్ది నిమిషాల్లో కోసిన అంచు నుంచి పాలవంటి చార నీటిలోకి దిగితే అది బాక్టీరియా ఎండాకు తెగులే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. నూలు కండె ఆకారపు మచ్చలైతే అగ్గి తెగులు, చేను సుడులు సుడులుగా కాలినట్లయితే సుడిదోమ. వాటికి చికిత్సలు వేరు.

ఎండాకు తెగులు అని తేలితే యూరియా వేయడం వెంటనే ఆపాలి. తెగులు చేనులోని నీటిని పక్క చేలోకి పారనీయరాదు. చేనులోని నీటిని తీసి ఆరగట్టాలి. ఒకసారి చేనంతా పాకిన తర్వాత ఈ తెగులును పూర్తిగా అణచగల మందు లేదు. దుకాణంలో ఎవరో చెప్పారని ఒకదాని మీద మరొకటి పిచికారీ చేస్తే అప్పు పెరుగుతుందే తప్ప ఆకు పచ్చబడదు.

ముదిరిన నారును ఊడ్చేటప్పుడు కొసలు తుంచడం పలుచోట్ల అలవాటు. ఎండాకు తెగులు వచ్చే చేలలో ఈ అలవాటు మానాలి. తుంచిన ప్రతి కొసా సూక్ష్మజీవికి తెరిచిన ద్వారమే. నత్రజనిని ఒకేసారి వేయకుండా దఫాలుగా వేయాలి. పొటాష్‌ను విస్మరించరాదు.

వరద సూచన ఉన్నప్పుడు యూరియా వేయరాదు. నీరు తీసిన మర్నాడే కూడా వేయరాదు. మొక్క తేరుకుని కొత్త చిగురు కనిపించిన తర్వాత వేయాలి. మోతాదును రైతు సేవా కేంద్రంలో గాని, మండల వ్యవసాయాధికారిని గాని అడిగి తెలుసుకోవడం మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది విత్తన ఎంపిక. ఎన్ని బస్తాలు పండుతుంది, మిల్లరు ఏ ధర ఇస్తాడు అనే రెండు ప్రశ్నలతోనే విత్తనం కొనడం పరిపాటి అయింది. పల్లపు చేను రైతు మూడో ప్రశ్న, తెగులు వచ్చే చేను రైతు నాలుగో ప్రశ్న అడగాలి. ఇది ముంపును ఎన్ని రోజులు తట్టుకుంటుంది? ఎండాకు తెగులుకు ఇందులో ఏ రక్షణ ఉంది? స్వర్ణ సబ్-1, మెరుగుపరచిన సాంబ మసూరి హైబ్రిడ్లు కావు. కల్తీ లేకుండా కోసి, ఆరబెట్టి, శుభ్రంగా దాచుకుంటే రైతు తన విత్తనం తానే వాడుకోవచ్చు. ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చు.

భూమి కొనడం కౌలు రైతు చేతిలో లేదు. కొల్లేరు మట్టం తగ్గించడం అతని చేతిలో లేదు. వానను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. ఏ విత్తనం చల్లాలి, యూరియా ఎప్పుడు వేయాలి అన్న రెండు నిర్ణయాలు మాత్రం అతనివే. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి శ్రమించి తెలుసుకున్న పంచదార లెక్క ఆ రెండు నిర్ణయాలకు ఉపయోగపడినప్పుడే సార్థకమవుతుంది. వచ్చే సార్వాకు ఆకుమడి పోసే ముందు ప్రతి గ్రామంలోనూ రైతులు నలుగురూ కూర్చుని, తమ చేలలో ఏవి మునుగుతాయి, ఏవి ఎండుతాయి అని లెక్క వేసుకుని, దానికి తగిన విత్తనాన్ని ముందుగానే అడిగి సిద్ధం చేసుకోవడం మంచిది. వ్యవసాయ శాఖ కూడా ఆ విత్తనాన్ని ఊడ్పులు అయిపోయిన తర్వాత కాక, ఆకుమడి వేళకే అందుబాటులో ఉంచవలసి ఉంది.